రోజు విడిచి రోజు సౌర తుఫాను

మా సంస్థలో కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలోనే వాళ్లకి టీ దగ్గర నా కథ ఒకటి వినిపిస్తారు. కాస్మిక్ కిరణాల మేడం నాచారంలో అద్దెకుండేదట, మేడ మీద పరికరం పెట్టిందట, రోజు విడిచి రోజు సూర్యుడి మీద తుఫాను రేగుతోందని ప్రపంచానికంతా చాటబోయిందట. చివరికి ఇంటి ఓనరమ్మ పైకొచ్చి "అది సూర్యుడు గాదు మేడం, నా నీళ్ల ట్యాంకు" అంటే గానీ తెలియలేదట. అందరూ నవ్వుతారు. చెప్పేది నా పక్క గది సహోద్యోగి. ఓనరమ్మ గొంతు కూడా పెడతాడు. ఆవిడ ముఖం అతను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇందులో నాచారం నిజం, ట్యాంకు నిజం. మిగతాది అతని సొంత సాహిత్యం. నేను ప్రపంచానికి ఏమీ చాటలేదు, మా సారుకి మాత్రమే చూపించాను. ఓనరమ్మ ఏమీ కనిపెట్టలేదు. కనిపెట్టింది నేను, అదీ చేతిలో బిందెతో, టాంకరు లైన్లో నిలబడి. పొరపాటు నా పేరు మీద రాసి, దాన్ని పట్టుకున్న ఘనత మాత్రం ఇంకొకరి పేరు మీద రాయడం ఏం న్యాయమో అతన్ని చాలాసార్లు అడిగాను. "కథ అలా అయితేనే బాగుంటుంది మేడం" అంటాడు. కథ బాగుండటం కోసం నేను తెలివితక్కువదాన్ని కావాలా?

నాది తెనాలి. నాతో ఫిజిక్సు చదివినవాళ్లంతా బ్యాంకు పరీక్షలకి కూర్చుంటే నేను హైదరాబాదు వచ్చి పీహెచ్‌డీలో పడ్డాను. నా చదువేమిటో చుట్టాలకి చెప్పడానికి పడ్డ పాట్లు థీసిస్ రాయడానికి కూడా పడలేదు. "అంతరిక్షమంటే రాకెట్లా?" కాదు. "గ్రహాలా? అయితే మా వాడి జాతకం చూడు." కాదు. "పోనీ వాతావరణమా? రేపు వాన పడుతుందా?" తెలియదు. "మరి నీకేం తెలుసే?" దీనికి జవాబు చెప్పాలంటే వాళ్లు కాసేపు కూర్చోవాలి. ఎవరూ కూర్చోరు. మీరు కూర్చున్నారు కాబట్టి చెబుతాను.

ఎక్కడో దూరాన నక్షత్రాలు పేలినచోట పుట్టిన కణాలు మన గాలి పొరని వచ్చి గుద్దుకుంటాయి. కాస్మిక్ కిరణాలంటే అవే. ఆ గుద్దుడుకి పుట్టిన చిన్న కణాలు జల్లులా కిందికి దిగుతాయి. ఈ వాక్యం చదివేలోగా మీ అరచేతిలోంచి కొన్ని దూసుకుపోయి ఉంటాయి. నొప్పి లేదు, కంగారు పడకండి. సూర్యుడికి అప్పుడప్పుడు ఒళ్లు మండి తనలోంచి పెద్ద మేఘంలాంటిది ఒకటి మన వైపు విసురుతాడు. ఆ మేఘం భూమిని చుట్టుకున్నప్పుడు బయటి నుంచి వచ్చే కణాలకి అది అడ్డు పడుతుంది. లెక్క ఒక్కసారిగా పడిపోతుంది, తర్వాత మెల్లగా కోలుకుంటుంది. నిట్టనిలువుగా దిగి, వాలుగా పైకెక్కే గీత. ఆ గీత కోసమే నా ఉద్యోగం.

ఉద్యోగం అన్నానే గానీ, ప్రాజెక్టు ఉద్యోగం. ప్రతి మార్చిలో చచ్చిపోయి ఏప్రిల్లో మళ్లీ పుడుతుంది. పదేళ్లకి పైగా అలా పుట్టి చచ్చాను. మా ఆయన నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలో పనిచేసేవాడు కాబట్టి అక్కడే ఒక మేడలో పై వాటా తీసుకున్నాం. కింది వాటాలో ఓనరమ్మ. జనగామ వైపు మనిషి, నాకంటే కొంచెం పెద్ద. ప్రేమగా ఉంటే నన్ను "చెల్లె" అనేది, కోపమొస్తే "మేడం" అనేది. నేను ఎప్పుడూ "అక్కా" అనేదాన్ని. కోపమొచ్చినప్పుడు ఇంకా గట్టిగా అనేదాన్ని.

సంస్థ మేడ మీద వేరే విభాగాల యాంటెన్నాలు నిండిపోయి నాకు చోటు లేదు. "ఎక్కడైనా ఒక కప్పు చూసుకో అమ్మా" అన్నారు మా గ్రూపు పెద్ద, నేను సారు అని పిలిచే మనిషి. మా మేడ మీద మెట్ల గది ఖాళీగా ఉంది. తాళముంది, ప్లగ్గుంది, వాన పడదు. రెండు ప్లాస్టిక్ పలకలు, కణం తగిలితే అవి మిణుక్కుమంటాయి, ఆ మిణుకుని పట్టుకునే గొట్టాలు, చీకటి కోసం చుట్టూ నల్లగుడ్డ. పక్కన లెక్క రాసుకునే పాత కంప్యూటరు. అంతే సరంజామా. పెట్టిన రోజే అక్క పైకి వచ్చింది.

"ఏంది చెల్లె గిది? శవప్పెట్టె లెక్కున్నది. దీంట్లకెల్లి కిరణాలొస్తయా? మాకేమన్న అయితదా?"

"దాంట్లోంచి రావక్కా. ఆకాశం నుంచి వస్తాయి. ఇది లెక్కపెడుతుంది, అంతే."

"గిది తీసేస్తె రావా?"

"తీసేసినా వస్తాయి. ఇప్పుడు కూడా మీ తలలోంచి పోతున్నాయి."

ఆవిడ తల తడుముకుంది. "నా తలకెల్లి పొయ్యేటివి లెక్కవెట్టనీకి నీకు జీతమిస్తున్రా?"

"ఇస్తున్నారు."

"మస్తున్నది నీ నౌకరి" అని దిగిపోయింది.

మెట్ల గది నెత్తిన సిమెంటు ట్యాంకు ఉందని నాకు తెలియక కాదు. నీళ్లు కణాలని కొంత ఆపుతాయని బియస్సీ పిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంటుందని అనుకున్నాను. ఎప్పుడు కొళాయి తిప్పినా నీళ్లు వచ్చేవి కదా! నిండుగా ఉన్నా, అడుగున మూరెడే ఉన్నా కొళాయిలోంచి ధార దాదాపు ఒకేలా వస్తుందని అప్పట్లో నాకు తట్టలేదు. అక్కడ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన పొద్దున కింద సంపు నిండుతుంది, అక్క మోటారు వేస్తుంది, ట్యాంకు గబగబా నిండుతుంది. ఆ తర్వాత రెండు కుటుంబాలూ వాడుకుంటూ పోతే నెమ్మదిగా తగ్గుతుంది. ఇప్పుడు ఆ గీత ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. లెక్క నిట్టనిలువుగా దిగుతుంది, వాలుగా పైకెక్కుతుంది. అచ్చం సూర్యుడి గీతే, కాస్త చిన్న సైజులో.

సారుకి చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చాలాసేపు చూశారు.

"సూర్యుడికి మీ నాచారంలో రోజు విడిచి రోజు డ్యూటీయా అమ్మా?"

"అదే అర్థం కావడం లేదు సార్."

"అర్థమయ్యేదాకా ఎవరికీ చెప్పకు."

చెప్పలేదు. కానీ పక్క గది గోడ పల్చన.

కారణం కోసం వెతకని చోటు లేదు. కరెంటు హెచ్చుతగ్గులన్నాను. ఎండ వేడి అన్నాను. ఒక వారం మా ఆయన ఇస్త్రీపెట్టె మీద అనుమానపడి, నలిగిన చొక్కాతోనే డ్యూటీకి పంపాను. అప్పుడు ఉప్పల్ రోడ్డు మీద ఎక్కడో పెద్ద పైపు పగిలి వారం పాటు నీళ్లు బందయ్యాయి. వీధి చివర టాంకరు వచ్చింది. అక్కా, నేనూ బిందెలు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. ముందు ఎవరో రెండు డ్రమ్ములు తెచ్చారని అక్క వాళ్లని కడిగేస్తోంది, నేను వెనక నుంచి వంత పాడుతున్నాను. పాడుతూనే, ఆ వారం నా గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉందన్న సంగతి గుర్తొచ్చింది. నీళ్లు లేవు. తుఫానూ లేదు.

బిందె అక్కడే వదిలి పరిగెత్తాను.

"లైను ఇడిసిపెట్టి ఏడికి ఉరుకుతున్నవ్ చెల్లె? మల్ల నీ పాళి రాదు!" అని అక్క వెనక నుంచి అరుస్తోంది.

ట్యాంకు మీదికెక్కి మూత తీసి చూశాను. అడుగు కనబడుతోంది. రెండు బిందెలతో రొప్పుతూ వచ్చిన అక్కకి అక్కడి నుంచే గొంతెత్తి సంగతంతా చెప్పాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని విన్నది.

"అంటే నా ట్యాంకు నిండితే నీ సూర్యునికి జెరమొస్తదా?"

ఆవిడ అన్నది ఇదొక్కటే. నేనే నవ్వుతూ ఈ మాట సంస్థలో చెప్పాను. అది గోడ దాటి అవతలి గదిలోకి వెళ్లి, ఆవిడే కనిపెట్టినట్టుగా తిరిగొచ్చింది.

ఇక పెట్టెని అక్కడి నుంచి కదపాలి. అంటే మేడ మీద ఇంకో మూల చిన్న రేకుల షెడ్డు కావాలి. సంస్థలో రేకుల షెడ్డుకి అనుమతి రావడం కన్నా దూరపు నక్షత్రం నుంచి కణం రావడం తేలిక. ఆ ఫైలు తిరుగుతుండగానే సారు నన్ను పిలిచి తలుపు వేశారు. వచ్చే మార్చి తర్వాత పొడిగింపు లేదని, దసరాలోపు ఒక పర్మనెంటు పోస్టుకి ఇంటర్వ్యూ ఉందని, కమిటీ ముందు నా సొంత ఫలితం ఒకటి, ఎవరూ వేలెత్తి చూపలేనిది, పెట్టాలని చెప్పారు. లేకపోతే ఏఎస్ రావు నగర్లో ఏ కోచింగ్ సెంటర్లోనో ఎంసెట్ పిల్లలకి లెక్కలు చెప్పుకోవాలి. కోచింగ్ తప్పు పని అని కాదు. నాకు ఓపిక లేదు, పిల్లలని కొడతానని భయం.

ఇప్పుడు నాకు ఒక అసలైన సౌర తుఫాను కావాలి. సూర్యుడు ఎవరి ఇంటర్వ్యూ చూసి మండడు గదా. అయినా ఆ ఆషాఢంలో మండాడు. శుక్రవారం కబురొచ్చింది, పెద్ద మంట లేచింది, మేఘం ఒకటి రెండు రోజుల్లో మనల్ని తాకుతుందని. నాకు కావాల్సింది ఒక్కటే. నాలుగు రోజులు ట్యాంకులో నీటి మట్టం కదలకూడదు. నింపి కొళాయిలు కట్టేయడం కంటే ఖాళీ చేసి మోటారు వేయకపోవడం తేలిక. సంపులో నీళ్లుంటాయి, చేదుకోవచ్చు. దిగి అక్కకి చెప్పాను.

ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ఆ ఆదివారం మా వీధిలో బోనాలు.

"మేడం, పండుగకు ఇల్లు గడగాలె, తలలు వోసుకోవాలె. మా ఆడిబిడ్డలు పిల్లలతోని వస్తున్నరు. గిప్పుడు మోటరు బందు వెట్టమంటవా? నదుల నీళ్లన్ని మీ దిక్కు మలుపుకున్నది సాలదా, నా ట్యాంకుల నీళ్లు గుడ ఆపుతవా?"

రాష్ట్రం కోసం బందులు నడుస్తున్న రోజులు. మా ఇద్దరికీ ఈ వాదన కొత్త కాదు. బందు రోజున ఆవిడ కింది గుమ్మంలోంచి, నేను పై బాల్కనీలోంచి గంటసేపు తేల్చుకుని, తర్వాత గోంగూర పచ్చడీ, సకినాలూ ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

"మా కాలవలోంచి కావిడి కట్టి తెచ్చి మీ సంపులో పోస్తానక్కా. నాలుగు రోజులు ఆగండి. నా ఉద్యోగం దీని మీద ఉంది."

చివరి మాటకి ఆవిడ ఆగింది.

"నీళ్లు ఎవలు మోస్తరు?"

"నేను మోస్తాను."

"మా ఆడిబిడ్డలకు గుడ?"

"మీ ఆడబిడ్డలకి, వాళ్ల పిల్లలకి, అందరికీ."

"గట్లయితే సరే. మాట మీదుండాలె."

మాట మీదున్నాను. శుక్రవారం సాయంత్రం నుంచి సంపులోంచి చేదడం, మోయడం. మా ఆయన మెట్ల మీద ఆయాసపడుతూ "పీహెచ్‌డీ చేసింది దీనికా?" అన్నాడు. "మాట్లాడకుండా ఆ బకెట్టు అందుకో" అన్నాను. శనివారం మధ్యాహ్నం పైనుండగా గీత వంగింది. నా కళ్లముందే నిట్టనిలువుగా దిగింది. ఫోన్లో సారు చెప్పారు, ప్రపంచంలో మిగతా కేంద్రాల్లోనూ అదే సమయానికి దిగిందని. ట్యాంకులో కర్ర ముంచి చూశాను, పొడి కర్ర. ఈసారి అది సూర్యుడే! మేడ మీద గంతులు వేశాను.

"ఏమైంది చెల్లె, వానొస్తదా?" అంది కింద నుంచి అక్క.

"మీ నెత్తిలోంచి పోయేవి తగ్గాయక్కా!"

"అందుకేనా, పొద్దట్నించి నెత్తి అల్కగున్నది."

ఆదివారం పొద్దున సారు రమ్మన్నారు, మిగతా కేంద్రాల లెక్కలతో పోల్చడానికి. వెళ్లక తప్పలేదు. వెళ్లే ముందు మోటారు స్విచ్చి మీద "తాకరాదు" అని కాగితం అంటించాను. వాకిట్లో అప్పటికే చుట్టాలు దిగారు. పసుపు, వేపమండలు, ఏడ్చే పిల్లలు, ఎవరో ఒకావిడ "బకీట్ల నీళ్లు అయిపోయినయ్ వదినా" అంటోంది. రెండు బకెట్లు చేది పెట్టి ఆటో ఎక్కాను. డప్పుల మధ్య ఆటో ఉప్పల్ దాటేసరికి సగం పొద్దు గడిచింది.

సాయంత్రం తిరిగొచ్చి కంప్యూటరు చూస్తే ఇంకో గీత ఉంది. నిన్నటిది ఇంకా పూర్తిగా కోలుకోనే లేదు, ఆదివారం పొద్దున నేను బయల్దేరిన కాసేపటికే మళ్లీ నిట్టనిలువుగా దిగి, సాయంత్రానికి వాలుగా ఎక్కింది. చిన్నదే. కానీ అది గనక నిజమైతే, మేఘం రెండు పొరలుగా వచ్చిందన్నమాట. మన లాంటి అక్షాంశం నుంచి ఆ రెండో పొరని అంత స్పష్టంగా చూసిన పరికరం అప్పటికి ఇంకొకటి లేదు. అది నిజమైతే నా పేరు నిలబడుతుంది. కాకపోతే ఏమవుతానో మీకు తెలుసు. పక్క గదికి రెండో కథ.

దిగాను. అక్క అప్పుడే గుడి నుంచి వచ్చి ముఖానికి పసుపుతో గుమ్మంలో కూర్చుని ఉంది.

"అక్కా, పొద్దున మోటారు వేశారా?"

"ఎవలన్నరు?"

"ఎవరూ అనలేదు. గీత అంది."

"నీ డబ్బ నా మీద చాడీలు జెప్తుందా?"

"వేశారా, లేదా?"

"అమ్మవారికి బోనమెత్తిన నెత్తి మేడం గిది. గీ నెత్తి వెట్టుకొని అబద్ధమాడుతనా?"

ఇందులో "వెయ్యలేదు" అన్న మాట ఎక్కడుందో వెతకండి. నేనూ వెతికాను. అదే చెప్పాను కూడా. దాంతో ఆవిడ లేచి, చుట్టాల ముందు తనని దొంగని చేశానని తలుపు వేసుకుంది.

ట్యాంకు ఎక్కి చూశాను. అడుగు కనబడుతోంది. కానీ నింపినా, అంతమంది చుట్టాలు వాడితే సాయంత్రానికి అడుగు కనబడదా? గోడలు తడిగా ఉన్నాయి. కానీ మధ్యాహ్నం వాన పడింది, మూత పగిలి ఉంది. స్విచ్చి మీద కాగితం అలాగే ఉంది, కాస్త వంకరగా. నేను అంటించిందే వంకరగానేమో. చుట్టాల పిల్లలని అడిగితే ఒకడు వేశారన్నాడు, ఒకతి వెయ్యలేదంది, మూడోవాడు చాక్లెట్ ఇస్తే చెబుతానన్నాడు. ఉత్తరాది దేశాల కేంద్రాల్లో కొన్నిటిలో ఆ రోజు చిన్న వంపు ఉంది, కానీ నా దానికి కొన్ని గంటల ముందు. "కావచ్చు, కాకపోవచ్చు" అన్నారు సారు. అది ఆయనకి చాలా ఇష్టమైన వాక్యం.

విచిత్రమేమంటే, నన్ను ఏడిపించే ఆ పక్క గది మనిషే వచ్చి, "పెట్టేయండి మేడం. కమిటీ వాళ్లు మీ ఓనరమ్మని పిలిచి అడుగుతారా?" అన్నాడు. మంచిగానే అన్నాడు, నా పోస్టు మీద అతనికీ దిగులుంది.

"వాళ్లు అడగరు. నేను అడుగుతాను కదా" అన్నాను.

ఇంటర్వ్యూలో గీత మొత్తం తెర మీద పెట్టాను. మొదటి దిగుడు కింద సూర్యుడు అని రాశాను. రెండోదాని కింద ప్రశ్నార్థకం పెట్టాను. కమిటీలో ఒక పెద్దాయన కర్రతో దాన్ని పొడిచి, "ఇదేమిటి?" అన్నారు.

"సూర్యుడు గానీ, బోనాలు గానీ" అన్నాను.

సారు తల పట్టుకున్నారు. నేను ట్యాంకు సంగతి మొదటి నుంచీ చెప్పాను. సంపు, మోటారు, బకెట్లు, అన్నీ. వాళ్లు నవ్వారు. నవ్వాక ఒకరు, తెలియనిదాన్ని తీసేసి ఉంటే సరిపోయేది కదా అన్నారు. తీసేస్తే మొదటిది మాత్రం మీరెందుకు నమ్మాలని నేను ఎదురడిగాను. ఆయనతో పావుగంట వాదన అయింది. బయటికొచ్చాక సారు, "నువ్వు ఉద్యోగం అడగడానికి వచ్చావా, పోట్లాడటానికా?" అన్నారు. పోస్టు వచ్చింది. మొదటి దిగుడు చాలిందట.

కబురు తెలిసిన రోజు మిఠాయి పొట్లం పట్టుకుని అక్క తలుపు కొట్టాను. అప్పటికి రెండు నెలలుగా మాటల్లేవు. తలుపు తీసి పొట్లం చూసి, "నా ట్యాంకు పుణ్యమే" అంది.

"మీ ట్యాంకు పుణ్యమే. మోటారు వేశారా?"

"లోపటికి రా. చాయ తాగు ముందుగాల."

చాయ్ ఇచ్చింది. జవాబు ఇవ్వలేదు. తర్వాత రేకుల షెడ్డు వచ్చింది, పెట్టె ట్యాంకు కిందనుంచి బయటపడింది. తెలంగాణ వచ్చిన రోజు వీధంతా రంగులు. అక్క పైకొచ్చి నా రెండు చెంపలకీ గులాలు పూసి, నోట్లో జిలేబీ కుక్కింది.

"ఏం చెల్లె, మా రాష్ట్రంల ఉంటవా, మీ తెనాలికి వోతవా?"

"ఇక్కడే ఉంటాను. మీతో తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. మీరు గెలిచారు కదా, ఇప్పుడైనా చెప్పండి."

ఆవిడ నవ్వింది. బాగా, పొట్ట పట్టుకుని నవ్వింది. "అంత పెద్ద సైంటిస్టువు. నువ్వే కనుక్కోరాదు?" అని మెట్లు దిగిపోయింది.

ఎలా కనుక్కోవాలి? ఆ గీత ఇప్పటికీ నా దగ్గరుంది. నీళ్లు తరిగే వేగమూ, మేఘం జరిగే వేగమూ వేరుగా ఉండాలని ఎన్ని రకాలుగా లెక్క కట్టానో. ఒక రకంగా కడితే సూర్యుడు, ఇంకో రకంగా కడితే ఆడబిడ్డల తలంట్లు. నాకు పోస్టు వద్దు, పేరు వద్దు, రెండూ అయిపోయిన సంగతులే. ఒక్క మాట కావాలి. అక్కా, ఆ ఆదివారం పొద్దున నువ్వు మోటారు వేశావా, లేదా?